తిరునాళ్లకు పోవచ్చునా?

సెలవు దినములు కొలది. చూడవలసిన చోటులు పెక్కు. ఈ రెంటి నడుమ చిక్కుకొన్న గృహస్థునకు కలిగెడి సందేహము పైకి చిన్నదిగనే కనబడును. కాని దానిని విప్పబోయినచో లోపలనుండి మన సంసారముల కథ యంతయు బయటపడుచుండును. నిరుటి మాఘమాసములో మా మేనకోడలు మమ్మడిగిన ప్రశ్న యట్టిదే. "మామయ్యా, పెనుగంచిప్రోలు తిరునాళ్లకు ఒక రోజు ఉంచుకోమంటారా? అది నిజంగా వెళ్లదగినదేనా?" అని యామె యడిగెను. ఔననియో కాదనియో యొక్క మాటతో తేల్చవలసిన దానికి మాకు మూడు దినములు పట్టెను. ఆ మూడు దినములలో మేము తలపోసినదియు, అందు మా తప్పుగా తెలిసికొన్నదియు చదువరులకు విన్నవించుకొందుము.

మేము జగ్గయ్యపేట కాపురస్థులము. మా యక్కగారు నందిగామలో నున్నారు. రెండూళ్లును విజయవాడనుండి హైదరాబాదునకు పోవు రహదారిని ఆనుకొన్నవే. కృష్ణాజిల్లాలో మెట్టసీమగా నుండిన యీ భాగము 2022వ సంవత్సరమున ఎన్టీఆర్ జిల్లాలో చేరినది. మా యూరికి పూర్వనామము బేతవోలు. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు దానిని పేటగా కట్టించి తమ తండ్రిగారి పేరు పెట్టిరి. ఊరిచెంత గుట్టమీద నున్న బౌద్ధస్తూపమును 1882లో బర్జెస్ దొర పరిశోధించెను. అందు దొరకిన మాంధాతృచక్రవర్తి శిల్పఫలకము నేడు చెన్నపురి ప్రదర్శనశాలలో నున్నది. రహదారిని విడిచి లోపలికి పోయినచో మున్నేటి యొడ్డున పెనుగంచిప్రోలు తగులును. మా రెండూళ్లనుండియు ఉదయము పోయి సాయంకాలమునకు మరలి రాదగిన దూరము.

మా మేనకోడలు పదునైదేండ్లుగా అమెరికాలో కాపురమున్నది. భర్తతోను ఎనిమిదేండ్ల కూతురితోను మూడు వారముల సెలవుపై వచ్చి, పెండ్లికొక వారము, చుట్టములకొక వారము పోగా మిగిలిన దినములను కాగితముమీద గీతలు గీసి పంచుకొనుచుండెను. స్తూపమునకొక పూట, కొండపల్లి కోటకును పొణికికఱ్ఱతో బొమ్మలు చెక్కువారి వీధికిని ఒక దినము, వేదాద్రి నరసింహస్వామి దర్శనమునకొక యుదయము. వీనిని గూర్చి యామెకు సందేహము లేకుండెను. తిరునాళ్లవద్దనే కలము నిలిచిపోయెను. జనసమ్మర్దము, ఎండ, దుమ్ము, పిల్లకు నీరు పడకపోవునేమోనన్న భయము, ఇవి యామె పైకి చెప్పిన కారణములు. అసలు కారణము వేఱొకటి కలదు. అంతకు ముందటి వేసవిలో వారు హవాయి ద్వీపములకు పోయి, లూవావు అను విందునకు వెళ్లి వచ్చిరట. నాటినుండి ఎవరైనను 'సంప్రదాయము' అన్నంతనే తన డబ్బుసంచి తడవి చూచుకొనుట యలవాటైనదని యామె నవ్వుచు చెప్పెను.

ఆ విందును గూర్చి యామె చెప్పిన తీరిది. మనిషికి నూరు డాలర్లకు పైబడిన టికెట్టు. ముందువరుసలో కూర్చుండగోరువారికి హెచ్చు వెల. వాకిట నొక పూలదండ వేసి, ఛాయాపటము తీసి, ఆ పటమును వెనుక అమ్మజూపుదురు. భూమిలో గొయ్యి త్రవ్వి, కాల్చిన రాళ్లమీద అరటియాకులు కప్పి యుడికించిన పందిని సముద్రతీరమున వెలికి తీయుచుండగా అందఱును చుట్టును మూగి చూతురు. పిమ్మట పళ్లెములు పట్టుకొని బారులు తీరవలెను. ప్రొద్దు క్రుంకిన తరువాత ఆటపాటలు. అన్నిటికంటెను అబ్బురమైనది నిప్పంటించిన కత్తిని గిరగిర త్రిప్పెడి నృత్యము. అది హవాయివారిది కాదనియు, సమోవా ద్వీపవాసులదనియు, తక్కిన యాటలలో గొన్ని తాహితివారివనియు నామె యింటికి వచ్చిన తరువాత చదివి తెలిసికొన్నదట. ఇంతవరకు నామెకు కలిగినది కొనుగోలులో మోసపోయినవారికి కలిగెడి చిరాకు మాత్రమే. కాని యాట నడుమ నామె కూతురు చెవిలో నొక మాట యడిగెనట. "అమ్మా, ఈ ఆడేవాళ్లు మనతో తినరా?"

"దానికి నేను జవాబు చెప్పలేకపోయాను మామయ్యా. మనం చూసింది వాళ్ల పండగా, మన వినోదమా? రేపు తిరునాళ్లలో కూడా నేను కెమెరా పట్టుకుని ఒక పక్కన నిలబడితే, అదీ అంతే కదా!" అని మా మేనకోడలు మమ్మడిగెను.

మేము చిరకాలము ఉపాధ్యాయవృత్తిలో నుండి, సంఘసంస్కరణమును గూర్చి సభలలో మాటాడిన వారము. జాతరలనగా మాకు మొదటినుండియు చులకన. కావున "అవన్నియు నెందుకమ్మా, కొండపల్లికి పొండి" యని చెప్పుటకు నోరు తెరచితిమి. కాని యా పిల్ల ప్రశ్న మా నోటికి అడ్డుపడినది. ఆ రాత్రి మేము లూవావును గూర్చి దొరకినంత చదివితిమి. చదువగా చదువగా, ఆ దూరద్వీపపు విందులో మా యింటి విషయమే కనబడజొచ్చెను.

లూవావు అను మాటకు చేమాకు అని యర్థము. మన పెరళ్లలో పెరుగు చేమయే యది. దాని యాకును కొబ్బరిపాలతో నుడికించి విందులో వడ్డింతురు. దాని దుంపను దంచి పోయి అను ముద్ద చేయుదురు. కూర పేరే విందు పేరైనది. పూర్వకాలమున ఆ ద్వీపములలో కపు అను కట్టుబాటుండెడిది. దానిని బట్టి స్త్రీలును పురుషులును కలిసి భుజింపరాదు. పందిమాంసము, కొబ్బరికాయ, అరటిపండ్లలో పెక్కురకములు, కొన్ని జాతుల చేపలు స్త్రీలకు నిషిద్ధములు. మీఱిన వారికి మరణదండన కూడ గలదు. అందొక వింత యేమనగా, అచట వంట చేయువారు పురుషులు. స్త్రీలకొక పొయ్యి, తమకొక పొయ్యి వేఱువేఱుగా పెట్టి వండెడివారు. వంట పురుషులదైనను పంక్తిలో స్త్రీకి చోటు లేదు. మన దేశములో వంట స్త్రీలదైనను పంక్తిలో చోటు తరువాతనే. చేతిలోని గరిటె మారినను పీట మాత్రము మారలేదు.

1819వ సంవత్సరమున మొదటి కమేహమేహా రాజు గతించెను. ఆయన కుమారుడు లిహోలిహో సింహాసనమెక్కెను. పెద్దరాజు భార్యయగు కాహుమానుయు, క్రొత్తరాజు తల్లియగు కెయోపువొలానియు ఈ కట్టుబాటు తొలగవలెనని పట్టుబట్టిరి. ఆ యేటి నవంబరులో నొక విందు జరిగెను. పురుషులకొక బల్ల, స్త్రీలకొక బల్ల వేసియుండిరి. రాజు కొంతసేపు తటపటాయించి, తుదకు స్త్రీల బల్లవద్దకు పోయి కూర్చుండి భుజించెను. అంతే జరిగినది. ఆ యొక్క ముద్దతో నొక దేశపు ధర్మశాస్త్రము కూలిపోయినది. దానిని సహింపజాలని బంధువొకడు ఆయుధము పట్టగా యుద్ధమును జరిగెను. అమెరికా క్రైస్తవ బోధకులు ఆ ద్వీపములకు వచ్చినది 1820లో. కావున ఈ సంస్కారము పరులు నేర్పినది కాదు. ఆ యింటి యాడువారు తమంతట తాము సాధించుకొన్నది.

మనవారికి దీని విలువ తెలియకపోదు. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహము జరిపించినప్పుడు, పెండ్లికంటెను పెండ్లిభోజనమే గొప్ప పరీక్ష యయ్యెను. మంత్రము వినినవారిని లోకము క్షమించెను గాని, విస్తరిముందు కూర్చుండినవారిని క్షమింపలేదు. సంఘమనునది సిద్ధాంతములలో నుండదు. ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుండి తినుచున్నారను దానిలో నుండును.

ఇంత చదివిన తరువాత మా మేనకోడలి ప్రశ్న మాకు వేఱు రూపమున కనబడెను. తిరునాళ్లు చూడదగినదా కాదా యని కాదు. అందు పంక్తి యెట్టిది యని యడుగవలెను. దానికి బదులు చెప్పగలవారు మా యెఱుకలో నొక్కరే యున్నారు. మరునాడు బస్సెక్కి నందిగామలోని మా యక్కగారి యింటికి పోతిమి.

ఇచట ఆ తిరునాళ్ల సంగతి, మా యక్కగారి సంగతి రెండును కొంత చెప్పవలసియున్నది.

పెనుగంచిప్రోలు తిరుపతమ్మ కథ మా ప్రాంతమున నెఱుగని వారు లేరు. 1963లో దానిని చలనచిత్రముగా గూడ తీసిరి. పుట్టినింట గారాబముగా పెరిగిన పడుచు గోపయ్యకు భార్యయై వచ్చును. అత్తయు ఆడుబిడ్డయు నామెను బాధింతురు. భర్త పసులను తోలుకొని యడవికి పోయిన సమయమున నామెకు కుష్ఠువు సోకినదని పసులపాకలో నుంచుదురు. పాపమాంబ యను పడుచు మాత్రము ఆమె దరిజేరి పరిచర్య చేయును. గోపయ్య పులివాతబడగా నామె యగ్నిప్రవేశము చేయును. పిమ్మట నూరివారు ఆమెను దేవతగా కొలుతురు. మాఘపూర్ణిమకు పెద్ద తిరునాళ్లలో వారిద్దఱికిని కల్యాణము చేయుదురు. ఫాల్గుణమున చిన్న తిరునాళ్లు జరుగును. రెండేండ్లకొకమాఱు ఆ గుడిలోని విగ్రహములకు రంగులు వేయించుటకు మా జగ్గయ్యపేటకు తెచ్చుట యాచారము. ఆ యూరేగింపు మా వీధుల వచ్చినప్పుడు సైతము మేము పుస్తకమునుండి తల యెత్తియెఱుగము.

మా యక్కగారు బాగుగ చదువుకొన్నవారు. రెండవ కానుపు తరువాత ఆమె చేతిమీద తెల్లని మచ్చ యొకటి పుట్టి పెరిగెను. అది బొల్లి. అంటువ్యాధి కాదు, కుష్ఠువునకును దానికిని ఏ సంబంధమును లేదు. విజయవాడలో వైద్యులు ఈ మాటయే స్పష్టముగా చెప్పిరి. అత్తవారింట ఎవరును నమ్మలేదు. నాటినుండి యామెకు పళ్లెము వేఱు, చెంబు వేఱు, చాప వేఱు. ఇంటిల్లిపాదియు తినిన పిమ్మట వసారాలో నొంటిగా కూర్చుండి తినవలెను. నాలుగేండ్లిట్లు గడచెను. ఆమె మాకు జాబు వ్రాసెను. మేమా దినములలో సహపంక్తి భోజనములను గూర్చి యొక పాఠశాలలో నుపన్యసించుటకు వ్యాసము వ్రాసికొనుచుంటిమి. ఆ వ్యాసమును ప్రక్కకు నెట్టి, ఓర్పు వహింపుమని యామెకు నాలుగు పంక్తుల బదులు వ్రాసి, తిరిగి వ్యాసము పూర్తి చేసితిమి. దానికి కరతాళధ్వనులు బాగుగనే వచ్చెను.

ఆ నాలుగేండ్లును మా యక్కగారు పొరుగు స్త్రీలతో కలిసి తప్పక తిరునాళ్లకు పోవుచుండిరి. "చదువుకున్నదానివి, నీకీ జాతరలేమిటి అక్కయ్యా" యని మేము పరిహసించితిమి. ఆమె నవ్వి యూరకుండిరి. ఎందులకు పోవుచున్నారని మేమడుగలేదు.

ఇప్పుడడిగితిమి. మా యక్కగారు చిక్కుడుకాయలు ఈనెలు తీయుచు, తల యెత్తకయే యిట్లనిరి: "ఒరేయ్, ఈ మాట అడగటానికి నీకు నలభై ఏళ్లు పట్టింది. చెబుతా విను. ఏటి ఒడ్డున పొంగలి వండుకునేవాళ్లం. పక్క పొయ్యి వాళ్లెవరో నాకు తెలీదు. నా చెయ్యి చూశారు. చూసి కూడా, 'మా పొంగలి కాస్త రుచి చూడమ్మా' అని నా విస్తట్లో పెట్టారు. నా గిన్నెలోది వాళ్లూ పెట్టించుకున్నారు. ఆ ఏడాది మొత్తంలో నేను నలుగురి మధ్య కూర్చుని తిన్నది ఆ ఒక్క పూటేరా."

మేమేమియు ననలేకపోతిమి. ఆమె కొంచెము సేపటికి మరల నిట్లనిరి: "ఆ కథ వింటుంటే మా అత్తగారు కూడా నా పక్కనే కూర్చుని కళ్లు తుడుచుకున్నారు. అత్త పెట్టిన బాధలని పదిమందిలో పైకి చెప్పేది అక్కడే. ఇంట్లో చెబితే గుట్టు బయటపెట్టానంటారు. ఇంటికొచ్చాక మళ్లీ నా పళ్లెం విడిగానే పెట్టారనుకో. అయినా ఏడవటం చూశాను."

తిరుగుప్రయాణమున మేము ఈ రెండు మాటలను త్రాసులో పెట్టి చూచుకొంటిమి. మొదటి మాట తిరునాళ్ల పక్షమున గట్టి సాక్ష్యము. రెండవది మన పక్షమున, అనగా సంస్కర్తల పక్షమున, అంతకంటె గట్టి సాక్ష్యము. కథ విని కన్నీరు కార్చుట యొకటి, ఇంటికి వచ్చి పళ్లెము మార్చుట యొకటి. కన్నీటివలన చట్టములు పుట్టలేదు. సహగమనమును బంగాళమున 1829లోను, చెన్నపురి రాజధానిలో 1830లోను శాసనముచేత మాన్పించిరి. వరకట్న నిషేధము 1961లోను, అత్తింటి క్రూరత్వమును నేరముగా నెంచు శిక్షాస్మృతి భాగము 1983లోను, గృహహింసనుండి రక్షణచట్టము 2005లోను వచ్చినవి. కుష్ఠువు మందులచేత కుదురు వ్యాధి యని వైద్యులు నిరూపించిన చాలకాలమునకు గాని, దానిని విడాకులకు కారణముగా నెంచు మాటలు మన వివాహచట్టములనుండి తొలగలేదు. అది జరిగినది 2019లో. పసులపాకనుండి న్యాయస్థానమువరకు ఆ పడుచు నడచిన దారి యింత పొడవైనది.

అట్లని తిరునాళ్లను త్రోసివేయుటయు న్యాయము కాదని తోచెను. చదువుకొన్న తమ్ముడు ఉపన్యాసము వ్రాసికొనుచుండగా, పేరు తెలియని పల్లెటూరి స్త్రీ యొకతె మా యక్కగారి విస్తరిలో గరిటెడు పొంగలి పెట్టినది. సంస్కారమెవరిదో చదువరులే నిర్ణయింతురుగాక.

ఈ విధముగా యోచించి, ఇట్టి విందులకును వేడుకలకును పోవచ్చునా కాదా యని తేల్చుకొనుటకు మాకు మేము మూడు ప్రశ్నలు ఏర్పఱచుకొంటిమి. మొదటిది: మనము పోకపోయినను ఆ వేడుక జరుగునా? జరుగునేని యది వారిది, మనము అతిథులము. జరుగదేని యది మనకొఱకు వేసిన యాట, మనము ప్రేక్షకులము. ప్రేక్షకులమగుటలో పాపము లేదు, అతిథులమని భ్రమపడకున్న చాలును. రెండవది: అందు పంక్తిలో కూర్చున్న దెవరు, వెలిగా నిలిచిన దెవరు? మూడవది: వెంటవచ్చిన పిల్లలకు ఇంటికి వచ్చి మనమేమి చెప్పవలెను?

ఈ ప్రశ్నలలో ఎంత పురాతనము, ఎంత శుద్ధము అనునది లేదని కొందఱాక్షేపింపవచ్చును. మాకు దానియందు పట్టుదల లేదు. పురాతనత్వమే ప్రమాణమైనచో కపు అను కట్టుబాటే హవాయివారి శుద్ధ సంప్రదాయము. స్త్రీలతో కలిసి తినిన రాజు దానిని చెఱచినవాడగును. లూవావును గూడ మేము నిందింపము. 1830లో కాహుమాను రాణియే బహిరంగమున హులా నృత్యమును నిషేధించెను. 1883లో కలకౌవా రాజు తన పట్టాభిషేకోత్సవమున దానిని మరల సభకెక్కించెను. పిమ్మట 1893లో వారి రాజ్యమును, 1896లో బడులనుండి వారి భాషయు పోయినవి. ఇన్ని పోయిన పిమ్మట నేడు టికెట్టు పెట్టి యాడుచున్నవారు ఆ యాటను, దానితోపాటు తమ కుటుంబములను పోషించుకొనుచున్నారు. అదిగాక, బిడ్డకు మొదటి యేడు నిండినప్పుడు ఇరుగుపొరుగును పిలిచి పెట్టుకొను లూవావు ఆ ద్వీపములలో నింటింట నేటికిని గలదు. మన మేనకోడలు చూచినది ముంగిలి. లోపలి గది యామెకు కనబడలేదు.

మూడవనాడు మేము మా మేనకోడలితో నిట్లు చెప్పితిమి: "పోవచ్చునమ్మా. మీ అమ్మతో కలిసి పోవలెను. చూచుటకు గాక వండుకొని తినుటకు పోవలెను. పిల్లకు కథ చెప్పవలెను గాని, చివర నగ్నిప్రవేశమును గొప్పగా చెప్పరాదు." మేమును వత్తుమని చేర్చితిమి. మా యక్కగారు ఫోనులో ఈ మాట విని, "వాడా? వస్తాడా?" అని రెండుమార్లడిగిరట.

పెద్ద తిరునాళ్లనాడు తెల్లవాఱకముందే బయలుదేరితిమి. సమ్మర్దము మా మేనకోడలు భయపడినంతయు నుండెను. మున్నేటిలో స్నానములు చేయువారు, తలనీలాలిచ్చి పసుపు పూసికొన్న పిల్లలు, గాజుల దుకాణములు, చెఱకు గడలు, తప్పిపోయిన పిల్లల పేర్లు చెప్పుచున్న మైకులు. మొదటి గంట మా మేనకోడలు ఛాయాపటములు తీయుచుండెను. మా యక్కగారు మూడు రాళ్లు పేర్చి, ఎసరు పెట్టి, "ఇదిగో, పొయ్యి ఊదు" అని పుల్లలు చేతికిచ్చిన తరువాత ఆమెకు వేఱు పని చేయుటకు వీలు కాలేదు. కన్నులలో పొగ నింపుకొని యామె బియ్యము కడుగుచుండగా ప్రక్క పొయ్యివారు బెల్లము చాలకున్నదని మమ్మడిగిరి. వారు ఖమ్మము వైపునుండి వచ్చినవారు. ఇచ్చితిమి. పొంగలి దిగిన తరువాత వారి గిన్నెలోనిది మా విస్తళ్లలోనికిని, మా గిన్నెలోనిది వారి విస్తళ్లలోనికిని పోయెను. ఎవరును ఎవరి కులము నడుగలేదు. మా యక్కగారి చేయి ఇప్పుడు మోచేతివఱకు తెలుపు. వారిలో నొక ముదుసలి యా చేతినే పట్టుకొని మజ్జిగ చెంబందించెను.

అన్నియు నిట్లే మనోహరముగా నుండెనని వ్రాసినచో అసత్యమగును. మొక్కుబడికి తెచ్చిన మేక నొకదానిని చూచి పిల్ల "దీన్ని ఎక్కడికి తీసుకెళ్తున్నారు?" అని యడిగినప్పుడు మాయొద్ద మంచి యుత్తరము లేకుండెను. ఏటియొడ్డున పాఱవేసిన విస్తళ్లును ప్లాస్టిక్ సంచులును చూచి మేము సిగ్గుపడితిమి. మావి మూటగట్టి వెంట తెచ్చుకొంటిమి గాని, దానివలన నేరు శుభ్రపడలేదు.

చెట్టునీడను మా యక్కగారు మనుమరాలికి కథ చెప్పిరి. అత్తను, ఆడుబిడ్డను, పులిని చెప్పిరి. పసులపాకను చెప్పునప్పుడు చాలసేపు నిలిచిరి. పాపమాంబ యచటికి ఎట్లు పోయినది, గాయములనెట్లు కడిగినది విశదముగా వర్ణించిరి. అగ్నిని మాత్రము ఒక్క వాక్యముతో ముగించి, "అప్పటి రోజుల్లో అలా చేసేవాళ్లు. అది తప్పు. ఇప్పుడు ఎవరూ చెయ్యకూడదు" అనిరి. "నీకెవరంటే ఇష్టం అమ్మమ్మా?" అని పిల్ల యడిగెను. "పాపమాంబ" అని మా యక్కగారు వెంటనే చెప్పిరి. అప్పుడు మావైపు చూడలేదు. చూచినను మేము తల యెత్తగలిగియుందుమని నమ్మకము లేదు.

రాత్రికి అందఱును మా యింటికి వచ్చితిమి. పెద్దవారు, అతిథులు, పిల్ల బల్లచుట్టును కూర్చుండిరి. మా గృహిణియు మా కోడలును వడ్డించుచుండిరి. నలుబదియేండ్లుగా ప్రతిదినమును జరుగుచున్నట్లే జరుగుచుండెను. పిల్ల ముద్ద చేతబట్టుకొని మమ్ము చూచి, "తాతయ్యా, అమ్మమ్మా అత్తా మనతో తినరా?" అని యడిగెను.

సముద్రముల కావల ద్వీపములో తల్లి నడిగిన ప్రశ్నయే యది. "పెద్దవాళ్లు తిన్నాక తింటాంలే తల్లీ" అని మా గృహిణి గరిటె చేతబట్టుకొనియే చెప్పెను. మా మేనకోడలు తల వంచుకొనెను. సభలలో మాటాడిన మాటలలో నొక్కటియు ఆ నిమిషమున మాకు జ్ఞప్తికి రాలేదు. లేచి, లోపలి గదిలోని రెండు కుర్చీలు తెచ్చి బల్లవద్ద వేసితిమి. గిన్నెలన్నియు నడుమ పెట్టించితిమి. ఎవరికి వారు వడ్డించుకొనుట మాకలవాటు లేనిది. పప్పు ఒకరికి రెండుమార్లు వచ్చెను, పెరుగు మాకు రానేలేదు. మా గృహిణి ఆ మొదటి దినమున కుర్చీ యంచున కూర్చుండి, ఎప్పుడు లేవవలసివచ్చునో యన్నట్లు సగము తినెను.

ఆ యలవాటు మా యింట స్థిరపడినదని వ్రాయవలెనని కోరిక గలదు. వారమునకు నాలుగుదినములు నిలిచినదని మాత్రము చెప్పగలము. తక్కిన మూడుదినముల సంగతి మా యక్కగారు ప్రతి యాదివారమును ఫోనులో అడుగుచునే యున్నారు.